ఒట్టికాళ్ల లక్ష్మీదేవి

2004 ఆషాఢంలో ఒక రోజు బెంగళూరులో బస్సులు తిరగలేదు. ఏదో బందు. వైట్‌ఫీల్డు పక్కన చన్నసంద్రలో ఉండే లక్ష్మీదేవికి ఆ సంగతి బస్టాపుకు వచ్చేదాకా తెలియదు. ఐటీ పార్కులో ఒక కంపెనీలో ఆమెది హౌస్‌కీపింగ్ పని. ఆరున్నరకల్లా సంతకం పెట్టాలి. అప్పటికే ఆరు కావస్తోంది. దూరమేమో నాలుగు కిలోమీటర్లు. ఆటో ఒక్కటీ లేదు. కాసేపు అటూ ఇటూ చూసి, చెప్పులు విప్పి టిఫిను సంచిలో వేసుకుంది. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని పరుగు అందుకుంది.

అప్పటికి ఆమెకు ముప్పై ఆరేళ్లు. చిన్నప్పుడు మడకశిర దగ్గర పల్లెలో గొర్రెల వెంట పరుగెత్తింది గానీ, పెళ్లయ్యాక ఆ అవసరం రాలేదు. పాల బూత్ దగ్గర నిలబడినవాళ్లు వింతగా చూస్తుంటే మొదట సిగ్గేసింది. హోప్ ఫారం సర్కిల్ దాటేసరికి ఆ సిగ్గు ఎటు పోయిందో తెలియలేదు. రాత్రి వాన పడి రోడ్డు పక్క మట్టి మెత్తగా ఉంది. కాళ్లే మెత్తటి చోటు వెతుక్కుంటూ పోతున్నాయి. ఊపిరి కుదుటపడింది. గేటు దగ్గరికి వచ్చి చూస్తే ఇంకా నాలుగు నిమిషాలు మిగిలే ఉన్నాయి. ఆ రోజంతా ఒళ్లు తేలిగ్గా ఉంది. అంతకుముందు సాయంత్రానికి నడుము పట్టేసేది, ఆ రోజు అదీ లేదు.

మర్నాడు బస్సులు తిరిగాయి. ఆమె మాత్రం స్టాపులో నిలబడలేదు. చెప్పులు సంచిలో వేసుకుంది.

వారం తిరక్కుండా సంగతి ఆమె భర్త పెద్దన్న చెవిన పడింది. ఆయన బేల్దారి, గోడలు కట్టే మేస్త్రి. ఇంటికి వస్తూనే అడిగాడు.

"ఏమ్మే, పొద్దున్నే నిన్నెవురో తరుముకొస్తాండారంట. మా పనోళ్లు సెప్తాండారు."

"ఎవురూ తరమలేదు. నేనే పోతాండా. బాగుండాది."

"బాగుండాదా? రోడ్డు మీద ఆడమనిషి ఉరికితే సూసేటోళ్లు ఏమనుకుంటారు?"

"టైముకు పనికి పోతాండాది అనుకుంటారు. నీకేమన్నా కష్టమా?"

పెద్దన్న ఆలోచించాడు. తనకేం కష్టమో తోచలేదు. "కుక్కలుంటాయి, జాగ్రత్త" అని మాత్రం అన్నాడు.

వాళ్లిద్దరూ ఈ ఊరికి 1996లో వచ్చారు. వరసగా రెండేళ్లు వేరుశనగ ఎండిపోయాక, కూతుర్ని ఊరి దగ్గరే రొళ్ల హాస్టల్లో చేర్చి బయలుదేరారు. ఇప్పుడు అద్దాల మేడలు ఉన్నచోట అప్పుడు రాగిచేలు, నీలగిరి తోపులు ఉండేవి. పెద్దన్న గోడ కట్టేవాడు, లక్ష్మీదేవి తట్ట మోసేది. స్లాబు పోసే రోజున పొద్దున మొదలుపెడితే చీకటి పడేదాకా ఏటవాలు చెక్కల మీద ఎక్కడం, దిగడమే. తడి సిమెంటు వేళ్ల సందుల్లో చేరి చర్మాన్ని తినేసేది. ఎన్నోసార్లు అరికాళ్లు పుండ్లు పడ్డాయి. పెద్దన్న ఎక్కడినుంచో రబ్బరు బూట్లు తెచ్చి ఇస్తే రెండు పూటలు వేసుకుని తీసేసింది. "ఇవేసుకుంటే చెక్క యాడ కదులుతాండాదో కాలికి తెలీదు. పడితే మూడంతస్తుల కిందికి పోతా" అంది. అందులో నిజం ఉంది. ఆమె ఒక్కసారీ జారలేదు. కానీ పుండ్లూ మానలేదు. ఒట్టికాళ్ల మంచీ చెడ్డా ఆమెకు అప్పుడే తెలుసు. రెండూ ఒకే చోట ఉంటాయని తెలిసి కూడా మంచినే నమ్ముకుంది.

కట్టడం పూర్తయ్యాక అదే మేడలో ఊడ్చి తుడిచే పని దొరికింది. మూడో అంతస్తులో తాము పోసిన స్లాబు మీద పరిచిన నున్నటి రాయిని ఇప్పుడు ఆమే తుడుస్తుంది.

పరుగు మొదలుపెట్టిన రెండో నెలలో ఒక పొద్దున, హోప్ ఫారం దగ్గర ఒక కుక్క వెంటపడింది. "పోవే అవతలికి, నేనేమన్నా దొంగనా?" అని ఆగి అదిలించింది. వెనకనుంచి నవ్వు వినబడింది. పాంటూ టీషర్టూ వేసుకున్న ఒక అమ్మాయి కుంటుకుంటూ వస్తోంది. ఆమె పేరు మౌనిక. నల్గొండ పిల్ల, అదే కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి.

"అక్కా, తెలుగా నువ్వు? నిన్ను రోజూ చూస్తున్న. ఎంత స్పీడుగ ఉరుకుతవో. నాకేమో రెండు కిలోమీటర్లకే మోకాలు పట్టేస్తది."

లక్ష్మీదేవి ఆ పిల్ల కాళ్లకున్న బూట్లు చూసింది. కింద రెండు వేళ్ల మందాన రబ్బరు ఉంది.

"నువ్వు వస్తాంటే నాకు ఎనక తెలుస్తాదమ్మా. ధబ్, ధబ్ అని మడమ ఏసి గుద్దుతావు. రోడ్డు గట్టిది. నువ్వు ఎంత గుద్దితే అంత నీకే తిరిగి ఇస్తాది."

"మరి నువ్వెట్ల వేస్తవ్?"

లక్ష్మీదేవి చేసి చూపించింది. మడమ కాకుండా పాదం ముందు భాగం ముందుగా నేలను తాకుతోంది. అడుగులు చిన్నవి, గబగబా పడుతున్నాయి. కాలు ముందుకు చాచి వేయడం లేదు, ఒంటి కిందే వేస్తోంది. "నిప్పుల మీద నడిచినట్ల, కాలు ఆనీ ఆనకుండా" అంది. తాను ఇలా పరుగెత్తుతానని ఆమెకూ అప్పటిదాకా తెలియదు. మడమ వేసి కొడితే ఒట్టికాలికి నొప్పి పుడుతుంది. ఆ నొప్పి పుట్టకుండా ఎలా అడుగు వేయాలో కాలు తనంతట తానే నేర్చుకుంది.

మౌనిక బూట్లతోనే అలా వేయడం సాధన చేసింది. నెల తిరిగేసరికి మోకాలి నొప్పి చాలావరకు తగ్గింది. అప్పటినుంచి ఇద్దరూ కలిసి పరుగెత్తేవారు. మౌనిక మడకశిర వైపు మాటలు విని నవ్వేది. లక్ష్మీదేవి నల్గొండ మాటలు విని నవ్వేది.

2005 జనవరిలో కంపెనీ వార్షికోత్సవానికి ఐదు కిలోమీటర్ల పరుగు పెట్టారు. మౌనిక తనతో పాటు లక్ష్మీదేవి పేరు కూడా ఇచ్చింది. మొదలయ్యే చోట నిర్వాహకుడు ఆమె కాళ్లు చూసి, "బూట్లు లేకుండా వద్దమ్మా, దెబ్బ తగిలితే మా మీదికి వస్తుంది" అన్నాడు. మౌనిక వాదనకు దిగబోతుంటే లక్ష్మీదేవి ఆపింది.

"సారూ, ఈ మేడకు స్లాబు పోసినప్పుడు ఈ కాళ్లతోనే మోసినా. అప్పుడెవురూ వద్దన్లేదు. ఈ పొద్దు వద్దంటే ఎట్లప్పా?"

కోపంగా అనలేదు, నవ్వుతూనే అంది. ఆయన తల వంచుకుని నంబరు కాగితం ఇచ్చాడు.

చీర మీద కంపెనీ టీషర్టు తొడుక్కుని పరుగెత్తింది. ఆడవాళ్లలో మొదట వచ్చింది. రోడ్డు పక్కన నిలబడిన హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు ఈలలు వేశారు. బహుమతిగా గోడ గడియారం ఇచ్చారు. ఆ సాయంత్రం పెద్దన్న చన్నసంద్రలో తెలిసినవాళ్లందరికీ ఆ గడియారాన్ని చూపించి వచ్చాడు. గోడకు మేకు కొట్టి వేలాడదీసి, వంకర ఉందేమోనని రెండుసార్లు దూరంనుంచి చూసుకున్నాడు.

ఆ ఉత్సాహంలో మౌనిక ఒక తప్పు చేసింది. ఒట్టికాళ్లతో పరుగెత్తితేనే పరుగు అని ఇంటర్నెట్‌లో ఎక్కడో చదివి బూట్లు విప్పేసింది. లక్ష్మీదేవి చెప్పనే చెప్పింది.

"అమ్మా, వద్దు. నీ కాలు మెత్తనిది. ముందు ఇంట్లో నడువు. మళ్ల గడ్డి మీద నడువు. ఒక ఏడాది పోనీ. నాకు పుట్టినప్పటి నుంచి అలవాటు."

"ఏడాదా? అంత ఓపిక నాకెక్కడిదక్కా?"

వారంలో ఐదు రోజులు తారురోడ్డు మీద ఒట్టికాళ్లతో పరుగెత్తింది. మొదట పిక్కలు బిగుసుకుపోయాయి. తరువాత బొబ్బలు వచ్చాయి. ఎనిమిదో రోజు పాదం వాచింది. ఎక్స్‌రే తీస్తే వేలి వెనక ఎముకలో సన్నని చీలిక కనిపించింది. ఆరు వారాలు కాలు కింద పెట్టకూడదన్నారు. లక్ష్మీదేవి ప్రతి ఆదివారం రాగిసంగటి, వేరుశనగ చట్నీ తీసుకుని ఆమె గదికి వెళ్లేది. ఎదురుగా కూర్చుని తిట్టేది, తినిపించేది.

"నాదే తప్పు అక్కా."

"నాదీ ఉండాది. నన్ను చూసే కదా నువ్వు ఇట్ల చేసింది."

కాలు బాగయ్యాక మౌనిక పార్కులోని గడ్డి మీద రోజూ పది నిమిషాలు మాత్రం చెప్పుల్లేకుండా నడవడం మొదలుపెట్టింది. రోడ్డు మీదికి పోతే బూట్లే. ఆ పద్ధతి ఆమెకు కుదిరింది.

లక్ష్మీదేవి కష్టం మరుసటి ఏడాది వానాకాలంలో వచ్చింది. కొత్త మేడ కట్టేచోట రోడ్డు పక్కన నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆ నీళ్లలో స్లాబుకు కింద ఆనించే సెంట్రింగ్ చెక్క ఒకటి మునిగి ఉంది. దానికున్న మేకు ఎడమకాలి అరికాల్లో దిగింది. లాగి పారేసి, పసుపు అద్ది, గుడ్డ కట్టుకుని పనికి పోయింది. తట్టలు మోసిన రోజుల్లో ఇలాంటివి ఎన్నో చూసింది. మూడు రోజుల్లో మానుతుందనుకుంది.

మానలేదు. పది రోజులైంది. తుడిచే నీళ్లలో తడిసి తడిసి గాయం చుట్టూ తెల్లబడింది. ఆమె పరుగు మానేసి బస్సెక్కుతోంది. పన్నెండో రోజు మౌనిక మూడో అంతస్తుకు వచ్చి చూసింది. లక్ష్మీదేవి చీపురు పట్టుకుని మడమ మీద కుంటుతోంది. చెయ్యి పట్టుకుని కింది అంతస్తులోని కంపెనీ క్లినిక్‌కు తీసుకుపోయింది.

అక్కడ నర్సు సారమ్మ. నెల్లూరు జిల్లా కావలి నుంచి వచ్చి, ఇరవై ఏళ్లుగా బెంగళూరులో చేస్తున్న మనిషి. యాభై దాటాయి. గొంతు పెద్దది. గుడ్డ విప్పి చూసింది.

"ఏందమ్మా ఇది? పన్నెండు రోజులా? ధనుర్వాతం సూది వేయించుకున్నావా?"

"లేదమ్మా. పసుపు ఏసినా."

"పసుపు కూరలో వేసుకో. కూర్చో ఇట్లా."

గాయం కడిగి, మందు పెట్టి, సూది వేసింది. అంతటితో పంపేసి ఉంటే ఈ కథ వేరుగా ఉండేది. కానీ సారమ్మ కాసేపు ఆ అరికాలి వైపే చూస్తూ కూర్చుంది. తరువాత అడిగింది.

"ఈ మధ్య దాహం ఎక్కువ అవుతోందా?"

"అవుతాండాది. ఉరుకుతాండా కదా, అందుకనుకున్యా."

"ఇంత గట్టి పాదానికి ఇంత చిన్న గాయం మానకపోవడమేంది?" అని వేలు గుచ్చి రక్తపు బొట్టు తీసింది. షుగరు రెండొందల ఎనభై దాటి ఉంది.

లక్ష్మీదేవికి మొదట అర్థం కాలేదు. షుగరు అంటే ఏసీలో కూర్చునేవాళ్లకు వచ్చేదని ఆమె అభిప్రాయం. సారమ్మ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"మా అన్నయ్యకు ఇట్లాగే మొదలైంది. పొలంలో చెప్పుల్లేకుండా తిరిగేవాడు. కాల్లో ముల్లు దిగితే తెలియలేదు, అప్పటికే స్పర్శ పోయింది. మేం చూసేసరికి మోకాలి దాకా తీసేయాల్సి వచ్చింది. నీకు మేకు దిగితే నొప్పి తెలిసిందా లేదా?"

"తెలీకేమమ్మా, ప్రాణం పోయినంత పనైంది."

"దేవుడికి స్తోత్రం. ఆ నొప్పి ఉంది చూశావా, అదే నీ అదృష్టం."

సారమ్మ పంపిన పెద్దాసుపత్రిలో డాక్టరు ఆమెను కళ్లు మూసుకోమని, దారంలాంటి సన్నని తీగతో రెండు పాదాల కింద పదిచోట్ల తాకి చూశాడు. పదిసార్లూ "ఆ" అంది. నరాలు చెడలేదు, తొందరగా బయటపడిందని ఆయన చెప్పాడు. మాత్రలు రాసి, తిండి సంగతి చెప్పాడు. పరుగు మానొద్దన్నాడు, అదే సగం మందన్నాడు. కానీ ఒట్టికాళ్లతో మాత్రం ఇక కుదరదన్నాడు.

ఆ మాటకు ఆమె కళ్లలో నీళ్లు వచ్చాయి. మేకు దిగినప్పుడు ఏడవలేదు, షుగరు అన్నప్పుడూ ఏడవలేదు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని కొంగు అడ్డం పెట్టుకుంది. పక్కన పెద్దన్న, ఆ పక్కన మౌనిక కూర్చున్నారు.

"మన్ను తగలకుండా ఉరికేది ఏం ఉరుకమ్మా?" అంది చివరికి.

"తగలకపోయినా ఉరుకొచ్చక్కా. ఎట్ల అడుగు వేయాల్నో నీ కాళ్లకు ఎరుకే కదా. నాకు బూట్లల్లనే నేర్పినవు, మర్చిపోయినవా?" అంది మౌనిక.

గాయం మానడానికి రెండు నెలలు పట్టింది. తరువాత బూట్ల కోసం బయలుదేరారు. అదొక ప్రహసనం. ఆమె పాదం ముందు వెడల్పు, వేళ్లు విడివిడిగా విసనకర్రలా పరుచుకుని ఉంటాయి. ఆడవాళ్ల బూటు ఒక్కటీ పట్టలేదు. మూడు దుకాణాలు తిరిగాక, మగవాళ్ల వాటిలో వెడల్పుగా, అడుగు పలచగా ఉన్న ఒక జత దొరికింది. మేజోళ్లు తొడుక్కోవడం అదే మొదటిసారి. లేచి నాలుగడుగులు వేసి, "ఎద్దుకు లాడాలు కొట్టినట్లుండాది" అంది. దుకాణంలో కుర్చీలో కూర్చున్న పెద్దన్న పగలబడి నవ్వాడు. తాడు ముడి వేయడం ఆమెకు రాకపోతే వంగి తనే వేశాడు.

మొదటి వారం తప్పులే. నేల ఎక్కడుందో తెలియక ఒకసారి బోర్లా పడబోయింది. చెవులు రిక్కించి తన అడుగుల చప్పుడు వినడం నేర్చుకుంది. చప్పుడు పెద్దదైతే మడమ పడుతోందని గుర్తు. మెల్లగా ఆ చప్పుడు తగ్గింది. నెలన్నర తరువాత ఒక పొద్దున మౌనిక వెనక్కి తిరిగి, "అక్కా, వస్తున్నవా? వినబడతలేదు నాకు!" అని అరిచింది. లక్ష్మీదేవి సరిగ్గా ఆమె వెనకే ఉంది.

సారమ్మ ఇంకో పని చెప్పింది. రోజూ అరికాళ్లు చూసుకోవాలి, చిన్న గీత ఉన్నా రావాలి. లక్ష్మీదేవి అద్దం కింద పెట్టి చూసుకుంటుంటే మెడ పట్టేసేది. ఒక సాయంత్రం పెద్దన్న అద్దం తీసి పక్కన పెట్టి, ఆమె కాలు పట్టి తన ఒళ్లోకి లాక్కున్నాడు. ఆమె గబుక్కున వెనక్కి తీసుకోబోయింది.

"ఏంది నువ్వు! మొగుడు పెండ్లాం కాళ్లు పట్టుకునేదేమి? ఎవురన్నా సూస్తే?"

"సూడనీ. పగులు యాడుండాదో సూసేది నా పనే. ఇన్నేండ్లు గోడల్లో సూసినా. నీ కాళ్లల్లో సూడలేనా?"

ఆమె తల పక్కకు తిప్పుకుంది. ఆయన బరక చేతులతో ఒక్కొక్క వేలూ విడదీసి చూశాడు. "బాగుండాయి" అన్నాడు. అప్పటినుంచి పొద్దుగూకి అన్నం తిన్నాక రోజూ అదే పని.

ఆయనలో ఇంకో మార్పు వచ్చింది. పని చేసే చోట సాయంత్రం దిగేముందు ఒక పాత పెయింటు డబ్బా పట్టుకుని చెక్కలకున్న మేకులన్నీ పీకి అందులో వేసేవాడు. ఎవరైనా నవ్వితే, "ఈ దోవన మా ఆడమనిషి ఒకతే కాదప్పా పోయేది" అనేవాడు. కొన్నాళ్లకు మిగతా పనివాళ్లు కూడా పీకడం మొదలుపెట్టారు.

లక్ష్మీదేవి ఊరుకోలేదు. హౌస్‌కీపింగ్‌లో తనతో ఉన్న ఆడవాళ్లు ఇరవై రెండు మంది. అందరూ తనలాగే ఊళ్లో చెప్పుల్లేకుండా తిరిగినవాళ్లు, ఇక్కడ తడి నేల మీద రోజంతా నిలబడేవాళ్లు. ఒక్కొక్కరినీ బతిమాలి, భోజనాల వేళ సారమ్మ దగ్గరికి తీసుకుపోయింది. రత్నమ్మ అనే ఆమె మొండికేసింది. "నాకేం రోగం? రక్తం తీస్తే నీరసం వస్తాది" అంది.

"నాకూ ఏం లేదనే అనుకున్యా" అని లక్ష్మీదేవి చెప్పు విప్పి అరికాలి మచ్చ చూపించింది. రత్నమ్మ లేచి వచ్చింది.

ముగ్గురికి షుగరు బయటపడింది. అందులో రత్నమ్మ ఒకతె. ఆ తరువాత సారమ్మ ప్రతి శనివారం అరగంట వాళ్ల కాళ్లు చూడటానికే కేటాయించింది.

2008లో సారమ్మకు ఉద్యోగం ముగిసింది. కావలికి వెళ్లిపోయే ముందురోజు లక్ష్మీదేవి, పెద్దన్న, మౌనిక ఆమె ఇంటికి వెళ్లారు. పెట్టెలు కట్టి ఉన్నాయి. సారమ్మ స్టీలు గ్లాసుల్లో చక్కెర లేని టీ ఇచ్చింది. లక్ష్మీదేవి గ్లాసు కింద పెట్టింది. వంగి ఆమె కాళ్లకు దండం పెట్టబోయింది.

సారమ్మ భుజాలు పట్టుకుని లేపింది. "నా కాళ్లెందుకమ్మా? నీ కాళ్లు చూపించు."

లక్ష్మీదేవి నవ్వుతూ, ఏడుస్తూ మంచం అంచున కూర్చుని మేజోళ్లు విప్పింది. సారమ్మ కళ్లజోడు పెట్టుకుని రెండు పాదాలూ తిప్పి తిప్పి చూసింది.

"ఎవరు చూస్తున్నారు రోజూ?"

"ఈయనే" అంది లక్ష్మీదేవి. పెద్దన్న గోడ వైపు చూశాడు.

"మంచిగా చూస్తున్నావయ్యా" అని సారమ్మ ఆ రెండు పాదాల మీద చేతులుంచి కళ్లు మూసుకుని చిన్నగా ప్రార్థన చేసింది. ఆ ప్రార్థనలో ఏ దేవుడి పేరు వచ్చిందో లక్ష్మీదేవి పట్టించుకోలేదు. తాను కూడా చేతులు జోడించింది. ఆ మేకుకు, ఆ నొప్పికి, తన పక్కన కూర్చున్న ఈ ముగ్గురికి లోపల్లోపల దండం పెట్టుకుంది.

మర్నాడు మామూలుగానే ఐదున్నరకు లేచింది. మాత్ర వేసుకుని, బూట్ల తాడు తనే ముడి వేసుకుని బయటికి వచ్చింది. వీధి చివర మౌనిక ఒక కాలు వెనక్కి పట్టుకుని సాగదీస్తూ నిలబడి ఉంది. ఆమె పక్కన, కొత్త బూట్లు వేసుకుని, సిగ్గుతో అటూ ఇటూ చూస్తూ రత్నమ్మ నిలబడి ఉంది.

"నిదానంగా పోదాం. ముందు నడిచేదే" అంది లక్ష్మీదేవి. ముగ్గురూ హోప్ ఫారం వైపు నడక మొదలుపెట్టారు.